ఏది ఉంటే అది

నాకు చాలామంది మీద చిన్నచూపు ఉంది, దాచుకోను. అందరికంటే ఎక్కువ చిన్నచూపు మాత్రం, నిర్ణయం తీసుకోవలసిన కుర్చీలో కూర్చుని "ఏది ఉంటే అది కానివ్వండి" అనేవాళ్ళ మీద. తప్పు నిర్ణయం తీసుకున్నవాడితో కనీసం పోట్లాడొచ్చు. వీళ్ళతో పోట్లాడదామంటే పట్టు దొరకదు. మా సార్ ఆ జాతికి పెద్దమనిషి.

మా ఆఫీసు బిలాస్‌పూర్‌లో ఫ్యాక్టరీలుండే సిర్గిట్టి వైపు, ఒక గోదాము మీద మేడ. కింద సిమెంటు బస్తాలు, పైన మేము. లారీలను తూచే కాంటాలకు సాఫ్ట్‌వేర్ రాస్తాం. లారీ కాంటా ఎక్కగానే బరువు పట్టి, బండి నంబరుతో చీటీ అచ్చువేసి ఇచ్చే ప్రోగ్రాము మాది. చుట్టుపక్కల ఫ్యాక్టరీల గేట్ల దగ్గరా రైసు మిల్లుల దగ్గరా అదే నడుస్తుంది. నేను అక్కడ సీనియర్‌ని. అంటే జీతం కొంచెం ఎక్కువ, తిట్లు బాగా ఎక్కువ.

సార్ ఒక కరెంటు ప్లాంటులో పెద్ద ఉద్యోగం చేసి రిటైరై ఈ కంపెనీ పెట్టారు. కృష్ణా జిల్లా మనిషి. ఉద్యోగమంతా ఇక్కడే చేసినా, మా రైల్వే తెలుగువాళ్ళ మాట వింటే ఇప్పటికీ ఆయన మూతి ఒక పక్కకి పోతుంది. నేను చేరిన కొత్తలో "ఏటి సార్" అన్నానని, "ఏమిటి అనాలమ్మా" అని అందరి ముందూ దిద్దారు. మా తాతలు విజయనగరం వైపు నుంచి వచ్చి ఇక్కడి రైల్వేలో బొగ్గు ఎత్తారు, ఇంజిన్లు తుడిచారు. ఆ మాట వాళ్ళతోపాటు వచ్చింది, మా ఇళ్ళల్లో ఉండిపోయింది. ఆ రోజు నుంచి ఆయన ముందు కావాలనే నాలుగు 'ఏటి'లు ఎక్కువ వాడతాను.

ఇదంతా జరిగిన ఏడు మా దగ్గర ఒక పిల్ల చేరింది. అదీ మా రైల్వే కాలనీ పిల్లే. వాళ్ళ నాన్న రైలింజిన్ల షెడ్డులో ఫిట్టరు, అప్పుడే రిటైరయ్యాడు. రిటైరయ్యాక క్వార్టరు కొన్నాళ్ళే ఉంచుకోనిస్తారు, దసరా వెళ్ళేసరికి వాళ్ళు ఖాళీ చేయాలి. పార్వతీపురం అవతల సొంతూళ్ళో పెదనాన్న ఇంట్లో ఒక గది ఉంది. పిల్ల ఉద్యోగం పర్మనెంటైతే ఇక్కడే ఇల్లు అద్దెకు తీసుకుంటామనీ, కాకపోతే సామాను సర్దుకుని ఊరెళ్ళిపోతామనీ తండ్రి తేల్చి చెప్పేశాడు. ఆ పిల్ల పుట్టిందీ, చదివిందీ, స్నేహితులతో తిరిగిందీ అంతా ఇక్కడే. ప్రొబేషన్ అయిపోయి ఉద్యోగం కన్ఫర్మ్ అయితే ఆమెకు ఊరు మిగులుతుంది, లేకపోతే పోతుంది. ఈ సంగతి ఆఫీసులో అందరికీ తెలుసు, సార్‌కి కూడా.

"నాన్న రోజూ అడుగుతున్నాడక్కా, ఏటైంది, ఏటైంది అని," అనేది మధ్యాహ్నం అన్నం డబ్బా విప్పుతూ. "నేనేటి సెప్పాలి? అభీ తక్ కుఛ్ నహీ, ఇంకా ఏటీ అవలేదు అంటే, అచ్ఛా అని లేసి ఎలిపోతాడు."

"పని బాగా సెయ్యి, అదే అవుద్ది," అనేదాన్ని నేను.

పని బాగానే చేసేది. ఎండాకాలంలో మా ప్రోగ్రాములో ఒక తప్పు బయటపడింది. రెండు లారీలు ఒకదాని వెనక ఒకటి వెంటనే కాంటా ఎక్కితే, రెండో లారీ చీటీ మీద మొదటి లారీ నంబరు పడేది. దాన్ని పట్టుకోలేక మేమంతా చేతులెత్తేస్తే, వానలు మొదలయ్యాక ఈ పిల్ల పట్టుకుని సరిచేసింది. ఆ రోజు సార్ ఆమెను "వెరీ గుడ్" అన్నారు. ఆయన దగ్గర అది ఖర్చు లేని సరుకు.

ఇప్పుడు మా పని గురించి రెండు ముక్కలు చెప్పాలి. మేం రాసిన ప్రోగ్రామును ఉన్నదున్నట్టు ఎవరికీ ఇవ్వం. దానికి కావలసిన సరంజామా అంతా కలిపి ఒక డబ్బాలా కట్టి ఇస్తాం. ఆ డబ్బాను కంటైనర్ అంటారు. డబ్బా కట్టేది ఇంకో ప్రోగ్రాము, దాన్ని ఇంజిన్ అంటారు. ఆఫీసు మూల ఒక కంప్యూటరు ఉంది, దాని పనే డబ్బాలు కట్టడం. మేం రాసిపెట్టిన సూచనల ప్రకారం కట్టి బయటికి పంపుతుంది. దాన్ని బిల్డ్ మెషిన్ అంటాం.

మా దగ్గర మొదట్నుంచీ ఒక ఇంజిన్ ఉండేది. అది ఎప్పుడూ వెనకాల నడుస్తూనే ఉండాలి, పైగా కంప్యూటరు మీద సర్వాధికారాలూ దానికి ఇచ్చెయ్యాలి. ఒక పెద్ద కస్టమరు తాలూకు కంప్యూటర్ సెక్యూరిటీవాళ్ళు అలాంటిది వద్దన్నారు. ఆ అధికారాలేవీ అడగని, వెనకాల నడవక్కర్లేని ఇంజిన్ ఇంకొకటి ఉంది. ఎండాకాలంలోనే దాన్ని తెచ్చి బిల్డ్ మెషిన్‌లో పెట్టి, ఓసారి ప్రయత్నించి వదిలేశాం. తేల్చవలసింది ఒకటే మిగిలింది. పాతదా, కొత్తదా?

దీనికి మీటింగు పెట్టారు, సమోసాలు తెప్పించారు. పాతది తీసేస్తే ఏమైనా అయితే ఎవరిది బాధ్యత అని సార్ అడిగారు. ఉంచేస్తే పెద్ద కస్టమరు పోతాడేమో, అప్పుడు ఎవరిది బాధ్యత అని మళ్ళీ ఆయనే అడిగారు. బాధ్యత అనే మాట గదిలో ఈగలా తిరిగింది. ఎవరి మీదా వాలనివ్వలేదు.

"రెండూ ఉండనివ్వండి," అన్నారు చివరికి. "ఏది ఉంటే అది తీసుకునేట్టు పెట్టండి. పాతది నడుస్తుంటే పాతది, లేకపోతే కొత్తది. మెషినే చూసుకుంటుంది."

"అలాక్కాదు సార్," అన్నాను. "ఒక పేరు రాసి పెడదాం. ఆ పేరుగల ఇంజిన్ లేకపోతే బిల్డ్ ఆగిపోవాలి. ఆగి, లేదని అరవాలి."

"ఆగిపోతే ఎలా అమ్మా? ఏదీ ఆగకూడదు. ఆగకపోవడమే కదా మన గొప్ప?"

రైలు పట్టాల పక్కన పెరిగినదాన్ని నేను. సిగ్నలు పాడైతే దానంతట అదే ఎర్రగా మారేట్టు కట్టారు. పాడైంది కదా, ఎందుకు ఇబ్బంది, పోనిద్దూ అని పచ్చ చూపించదు. బండి ఆగుతుంది, డ్రైవరు విసుక్కుంటాడు, లోపల జనం తిట్టుకుంటారు, అందరూ బతికి ఉంటారు. మా కాలనీలో గోళీలాడే పిల్లలకి కూడా తెలిసిన సంగతి ఇది. అన్నేళ్ళు ప్లాంటు నడిపిన మనిషికి తెలియదని నేననుకోను. తెలిసీ వద్దనుకున్నారు. ఆగితే ఎందుకు ఆగిందని ఎవరో అడుగుతారు, అప్పుడు ఆయన ఏదో ఒకటి చెప్పాలి.

చుట్టూ ఉన్నవాళ్ళు బుర్రలు ఊపారు. మా ఆఫీసులో బుర్రలను ఆ పనికే వాడతారు. సార్ ఏమన్నా "అవునండీ" అనే ఉద్యోగి ఒకడున్నాడు, అందుకని నేను ఆయనకి అవునండీ గారు అని పేరు పెట్టుకున్నాను. సూచనలు ఆయనే రాశాడు. పాతది నడుస్తోందా చూడు, లేకపోతే కొత్తది తీసుకో. రాసి, చాలా తెలివైన పని చేసినవాడిలా చేతులు దులుపుకున్నాడు. దాన్ని ఆటోమేటిక్ అన్నారు. ఇష్టంలేని పనిని మెషిన్ నెత్తిన పడేయడానికి ఎంత చక్కటి పేరో!

వానలు తగ్గుముఖం పట్టాక విశ్వకర్మ పూజ వచ్చింది. ఆ రోజు సిర్గిట్టిలో ఏ యంత్రమూ కదలదు. లేతులూ డ్రిల్లులూ లారీలూ, చివరికి పంక్చరు షాపులో గాలి కొట్టే మెషిన్ కూడా, అన్నిటినీ కడిగి బొట్టు పెట్టి దండ వేసి ఊరుకోబెడతారు. చిన్నప్పుడు మా నాన్న పనిచేసే రైలింజిన్ల షెడ్డుకి మమ్మల్ని ఆ ఒక్క రోజే రానిచ్చేవారు. నాకు ఇష్టమైన పండగ. ఏడాదంతా అరిగే పనిముట్టుకి ఒక రోజు సెలవివ్వడంలో మర్యాద ఉంది.

మా ఆఫీసు పూజలో మర్యాద తక్కువ, ఫొటోలు ఎక్కువ. గోల్ బజార్ నుంచి బంతిపూల దండలూ బూందీ తెప్పించారు. సార్ పట్టుపంచె కట్టుకొచ్చి, బిల్డ్ మెషిన్ స్విచ్ తీయించి, దాని నెత్తిన కుంకుమ బొట్టు పెట్టారు. గాలి పోయే రంధ్రాలకు అడ్డంగా దండ వేశారు. హారతి ఇస్తూ మొహం ఫోను వైపు తిప్పారు. బూందీ మాత్రం బాగుంది, అబద్ధం చెప్పకూడదు.

మర్నాడు అవునండీ గారు స్విచ్ వేశాడు. మెషిన్ లేచింది, పాత ఇంజిన్ లేవలేదు. మెషిన్‌తోపాటు లేవమని దానికి ఎవరూ ఎన్నడూ చెప్పి పెట్టలేదు. ఎప్పుడో ఎవరో చేత్తో మొదలుపెట్టారు, అదలా నడుస్తూ ఉంది. కిందటేడు పూజ తర్వాత కూడా సరిగ్గా ఇదే జరిగింది. అప్పుడు బిల్డ్ ఆగిపోయి ఎర్రక్షరాలతో మొత్తుకుంటే, ఎవరో లేచి వెళ్ళి ఇంజిన్‌ను మొదలుపెట్టి వచ్చి కూర్చున్నారు. ఈసారి ఆ మొత్తుకునే నోరు మేమే కట్టేశాం. పాతది నడవడం లేదు, కొత్తది ఉంది, ఏది ఉంటే అది. బిల్డ్ చడీచప్పుడూ లేకుండా అయిపోయింది, డబ్బా కస్టమర్లకు వెళ్ళిపోయింది.

ఇంజిన్లు దేని సామాను అది విడిగా దాచుకుంటాయి. మా డబ్బాకి ముందే కట్టి దాచుకునే అడుగుభాగం ఒకటుంటుంది, చీటీ అచ్చువేసే ముక్క అందులోనే ఉంటుంది. పాత ఇంజిన్ దగ్గర ఉన్నది తాజాది, ఆ పిల్ల సరిచేసినది. కొత్త ఇంజిన్ దగ్గర ఉన్నది ఎండాకాలంలో ప్రయత్నించి వదిలేసినది. పేరు రెంటికీ ఒకటే. కొత్త ఇంజిన్ తన దగ్గర ఉన్నదాన్నే తీసి కట్టింది. దాన్ననడానికి ఏమీ లేదు, దానికి చెప్పిన పని అది చేసింది.

కొద్దిరోజులకే ఒక రైసు మిల్లు నుంచి ఫోను. వెనక లారీ చీటీ మీద ముందు లారీ నంబరు పడుతోంది, గేటు దగ్గర లారీలు నిలిచిపోయాయి, డ్రైవర్లు కాంటా మనిషి మీద పడుతున్నారు. సార్ ఫోను పెట్టేసి మా గదిలోకి వచ్చారు.

"ఇది ఆ అమ్మాయి సరిచేశానన్న తప్పే కదా?"

"అవునండీ," అన్నాడు అవునండీ గారు.

"అంటే చేయలేదన్నమాట."

అంతే. తప్పు తిరిగొచ్చింది కాబట్టి ఆమె సరిచేయలేదు. ఇంజిన్ల సంగతి తేల్చమంటే నెలల తరబడి నీళ్ళు నమిలిన మనిషి, ఆడపిల్ల సంగతి వచ్చేసరికి గుమ్మంలో నిలబడే తేల్చేశారు. నా ఒళ్ళు మండిపోయింది.

ఆ పిల్ల తను రాసినదాన్ని తెరిచి మళ్ళీ మళ్ళీ చదువుతోంది. సరిగ్గా ఉన్నదాన్ని అంతలా చదివితే అందులోనూ తప్పులు కనిపించడం మొదలెడతాయి.

"కసమ్ అక్కా, ఒట్టు, నేను టెస్ట్ సేసినాను. నువ్వు కూడా సూసినావు గదా. మళ్ళీ ఎలగొచ్చింది? ఏటో మిస్ సేసినట్టున్నాను."

"నువ్వేటీ మిస్ సెయ్యలేదు. ఆ కంప్యూటరు ముయ్యి, టీ తాగిరా," అన్నాను.

బిల్డ్ మెషిన్ తను చేసినదంతా ఒకచోట రాసుకుంటుంది. తెరిచి చూస్తే మొదటి వరుసలోనే ఉంది, ఏ ఇంజిన్‌ను తీసుకుందో. పూజకి ముందంతా పాతది, పూజ తర్వాతంతా కొత్తది. మా ఆఫీసులో ఆ వరుస చదివే తీరిక ఒక్కరికీ లేదు. బూందీ పంచే తీరిక ఉంది.

సార్‌నీ అవునండీ గార్నీ మెషిన్ దగ్గరికి పిలిచాను. పాత ఇంజిన్‌ను మొదలుపెట్టి డబ్బా కట్టించాను. రెండు లారీల నంబర్లు ఇస్తే రెండు చీటీలూ సరిగ్గా పడ్డాయి. పాత ఇంజిన్‌ను ఆపి మళ్ళీ కట్టించాను. రెండో చీటీ మీద మొదటి లారీ నంబరు పడింది. పిల్ల రాసినదాంట్లో ఒక్క అక్షరం ముట్టుకోలేదని చూపించాను. మెషిన్ నెత్తిన కుంకుమ ఇంకా అలాగే ఉంది.

"పూజ రోజు ఆపాం, మర్నాడు పాతది లేవలేదు, మనకి తెలియలేదు," అన్నాను. "ఒక పేరు రాసి ఉంటే ఆ పొద్దున్నే తెలిసేది."

"పూజ వల్ల అంటావేటమ్మా?" అన్నారు. ఆయన నోట నా 'ఏటి' రావడం అదే మొదలు, వెక్కిరించడానికి. "దేవుడి మీదికి నెడతావా?"

"దేవుడు ఇంజిన్ పేరు రాయొద్దన్లేదు సార్. మీరన్నారు."

అవునండీ గారు ఈసారి అవునండీ అనలేదు. సార్ కళ్ళజోడు తుడుచుకున్నారు. తర్వాత తేలిగ్గా నవ్వారు. ఆ నవ్వు నాకు బాగా తెలుసు, జారిపోయే ముందు నవ్వే నవ్వు.

"అచ్ఛా. సాంకేతిక సమస్య అన్నమాట. ఎవరి తప్పూ కాదు. వదిలేయండి."

"అయితే ఆ పిల్ల తప్పు కూడా కాదు కదా," అన్నాను. "కన్ఫర్మ్ చేసేయండి సార్. ఈ నెలతో ప్రొబేషన్ అయిపోతోంది. వాళ్ళ క్వార్టరు సంగతి మీకు తెలుసు."

"తెలుసమ్మా, తెలుసు. కానీ కస్టమరు వేడి మీద ఉన్నాడు. ఇప్పుడే కన్ఫర్మ్ చేస్తే బాగుండదు. తీసేస్తానని నేనంటున్నానా? ఇంకో మూడు నెలలు ఉండనివ్వండి. చూద్దాం."

ఉండనివ్వండి, చూద్దాం. ఇంజిన్లకి చెప్పిన మాటే మనిషికీ చెప్పారు. తీసేస్తే ఎందుకు తీశారని ఎవరో అడుగుతారు, ఉంచితే ఎందుకు ఉంచారని ఇంకెవరో అడుగుతారు. మధ్యలో వేలాడదీస్తే అడిగేవాళ్ళుండరు. వేలాడేవాళ్ళకి చెయ్యి నొప్పెడుతుందన్న ఆలోచన ఆ బుర్రకి రాదు. నేను గట్టిగానే అరిచాను. కింద గోదాములో హమాలీలు పని ఆపి పైకి చూశారట. సార్ మాత్రం, నువ్వు ఆవేశపడుతున్నావమ్మా, నీళ్ళు తాగు అన్నారు.

ఆ సాయంత్రమే ఆయనకి మెయిల్ పెట్టాను. పాతదా, కొత్తదా, ఒక్క మాట రాయండి అని. జవాబుగా దణ్ణం పెడుతున్న చేతుల బొమ్మ వచ్చింది. ఆ చేతులు ఏ ఇంజిన్‌కి మొక్కుతున్నాయో నాకు తెలియలేదు. అవునండీ గారు రాసిన సూచనలు తీసిపారేసి, కొత్త ఇంజిన్ పేరు నేనే రాశాను. దాని దగ్గరున్న అడుగుభాగాన్ని తాజాది చేశాను. ఆ ఇంజిన్ లేకపోతే బిల్డ్ ఆగి, ఊరంతా వినపడేట్టు అరవాలని పెట్టాను. పెద్ద కస్టమరు సంతోషించాడు. "బాగా ఆలోచించి నిర్ణయం తీసుకున్నాం," అని సార్ ఫోనులో చెబుతుంటే నా చెవులతో విన్నాను.

పిల్ల ఇంటికెళ్ళి, మూడు నెలలు పెంచారని చెప్పింది. వాళ్ళ నాన్న కోప్పడలేదట. "ఉంచుతారా లేదా అంటే చూద్దాం అంటారేటి?" అని అడిగి, లేచి వెళ్ళి సామాన్ల లారీ మాట్లాడుకొచ్చాడట. చూద్దాం అన్న మాటని చూపించి ఇల్లు అద్దెకు తీసుకోలేరు కదా. దసరా వెళ్ళగానే క్వార్టరు తాళాలు అప్పగించేశారు. పిల్ల రాజీనామా ఇవ్వడానికి వచ్చినప్పుడు సార్ నిజంగా ఆశ్చర్యపోయారు.

"తొందరపడ్డావమ్మా," అన్నారు. "నేనెలాగూ కన్ఫర్మ్ చేసేవాణ్ణే కదా."

ఆ మాట అన్నందుకు ఆయన్ని నేను ఇప్పటికీ క్షమించలేదు. మిగిలినవన్నీ చేతకానితనం అని సరిపెట్టుకోగలను. చేసేవాడే అయితే ఎందుకు చేయలేదు? ఆ పిల్ల మాత్రం, అలాగే సార్ అని, అందరికీ నమస్తే చెప్పి మెట్లు దిగిపోయింది.

వాళ్ళ నాన్న సామాన్ల లారీతో ముందు వెళ్ళాడు. పిల్లా వాళ్ళమ్మా వెనక రైల్లో వెళ్ళారు. రెండో రోజు పొద్దున్న నేను ఆఫీసులో కూర్చుని ఉండగా నా ఫోనుకి ఒక ఫొటో వచ్చింది. పార్వతీపురం బస్టాండు, వరసగా నిలబెట్టిన బస్సులు. ఏమిటా అని చూస్తుండగానే ఫోను మోగింది.

"అక్కా, బోర్డులన్నీ తెలుగులోనే ఉన్నాయి. అమ్మకి సదువు రాదు, నాకు తెలుగు సదవడం రాదు. ఎవర్నైనా అడుగుదామంటే సిగ్గేస్తంది, ఈ ఊరోళ్ళమే అయ్యుండి ఏటనుకుంటారు? ఇందులో మా ఊరిదేదో సూసి సెప్పవా?"

మా ఇద్దరికీ బళ్ళో తెలుగు లేదు. నాకు మా అమ్మ వెంటబడి నేర్పింది, ఆమెకి ఎవరూ నేర్పలేదు. ఫొటో పెద్దది చేసుకుని, ఒక్కో బోర్డూ చదివాను.

"ఎడమ పక్క నుంచి మూడోది," అన్నాను.

"సరిగ్గా సూసినావా అక్కా?"

"సూసినాను. అమ్మని ముందు ఎక్కించు."

ఫోను పెట్టకుండా అలాగే పట్టుకుంది. కండక్టరు కేకలు, మెట్ల మీద సామాను తగిలిన చప్పుడు వినిపించాయి. ఆమె సొంతూరికి ఏ బస్సు వెళ్తుందో, నేను బిలాస్‌పూర్‌లో కూర్చుని చదివి చెప్పాను.